రాత్రి గడ్డకట్టని మంచు

గాంగ్‌టోక్ నుండి నాథూలా కనుమకు ఎగబ్రాకు జవహర్‌లాల్ నెహ్రూ మార్గమున, పదునైదవ మైలురాయి చెంత, 2023 ఏప్రిల్ 4వ తేదీన మధ్యాహ్నవేళకు, పైవాలు నుండి మంచుచరియ యొకటి విరిగి, మంచును చూడవచ్చిన పర్యాటకుల మీద పడి ఏడుగురి ప్రాణములను హరించినది. వారికి లభించిన అనుమతి పదమూడవ మైలు వరకేయని అధికారులు తరువాత తెలిపిరి. ఆ రెండు మైళ్ల సంగతి యటుంచి, ఆ మాసమును ఆ వేళను గమనింపుడు. మన యిండ్లలో ఆవకాయ పెట్టు దినములకు సమీపించిన కాలమది. సూర్యుడు నడినెత్తికి వచ్చిన వేళ యది. మంచువలన మరణమనగానే మైదానప్రాంతములవారమగు మన మనస్సున మెదలునది పుష్యమాసపు గాఢశీతము, చీకటి, ఝంఝామారుతము. కాని పర్వతసీమలలో బాటలు విడిచి లోనికి పోవువారి కొరకు, ఫాల్గుణ చైత్ర వైశాఖములలో, నిర్మలాకాశము క్రింద, స్వెట్టరు విప్పి నడువదగినంత వెచ్చని ప్రొద్దులందు పొంచియుండు హిమసంపాతము వేరొక జాతికి చెందినది.

శీతకాలమున ప్రమాదమును తెచ్చునది క్రొత్తగా కురిసిన మంచు బరువు, గాలి మోసికొనివచ్చి గుట్టలుగా పోసిన మంచు బరువు. వసంతమున తెచ్చునది నీరు. ఆ నీరు ఎంత, ఏ గంటకు, ఎంత లోతునకు దిగినది అను ప్రశ్నలకు సమాధానమును పగటి యెండలో వెదకుట సహజమే యైనను, నిజమునకు ఆ దినపు ప్రమాదము అంతకు ముందటి రాత్రియే సగమునకు పైగా నిర్ణయమైపోవును. కొండలలో పుట్టి పెరిగిన గైడులు ఉదయమున లేవగానే ఎండ ఎట్లుండునో ఊహించుటకు ముందు, డేరా బయటికి వచ్చి మంచును మడమతో తన్ని చూతురు. రాత్రి గడ్డకట్టినదా లేదా యనునది వారికి మొదటి ప్రశ్న.

ఈ మాట బోధపడుటకు కొండమీది మంచు ఏకఖండము కాదని మొదట గ్రహింపవలెను. మధ్యధరాసముద్రపు దిక్కునుండి వచ్చు పశ్చిమ వాయుకల్లోలములు డిసెంబరు మొదలు మార్చి వరకు హిమాలయముల మీద విడతలు విడతలుగా మంచు కురిపించును. ఒక్కొక్క విడత ఒక్కొక్క పొర. అప్పుడే కురిసిన మంచు ఘనమీటరుకు 100 కిలోలకు మించి తూగదు. కొన్ని వారములు అణగి యున్నచో 300 కిలోలు తూగును. రెండు విడతల నడుమ ఎండ కాసినచో పైపొర కరగి గడ్డకట్టి మంచుగడ్డపెచ్చుగా మారును. గాలి వీచినచో గట్టి పలకగా బిగియును. అడుగున నేల సున్న డిగ్రీలకు చేరువగా వెచ్చగా నుండి, పైభాగము సున్నకు ఎంతో దిగువను ఉన్నపుడు, మీటరు మందమునకు పది డిగ్రీలకు మించిన భేద మేర్పడినచో, అడుగునుండి నీటియావిరి పైకి ప్రాకుచు దారిలో మంచుకణముల రూపమునే మార్చివేయును. గుండ్రని చిన్న కణములు పోయి, కోణములు దేరిన పెద్ద స్ఫటికములు, ఒకదానినొకటి పట్టుకొనక విడివిడిగా నిలుచునవి, పుట్టును. పలుచగా కురిసిన మంచు, నక్షత్రములు మెరయు చలిరాత్రులు గల కారకోరం, లడఖ్ ప్రాంతములలో ఈ అడుగుపొర బలహీనత మిక్కిలి సాధారణము. పైని ఎంత గట్టి పలక యున్నను, అది నిలిచియున్నది ఇట్టి రాలుడు స్ఫటికముల మీదనే. చలి ఉన్నంత కాలము ఈ అమరిక మార్చి మాసాంతము వరకు నిలువవచ్చును.

అప్పుడు వచ్చును వెచ్చదనము. క్రొత్త మంచు తనపై బడిన సూర్యకాంతిలో నూటికి 80 నుండి 90 వంతులు వెనుకకు త్రిప్పికొట్టును గాన, తొలిదినములలో ఎండ తీవ్రముగా తోచినను పని జరుగదు. ఐతే ఒకమారు తడిసి, కణములు పెరిగి, దుమ్ము పడి మాసిన మంచు నూటికి 50, 60 వంతులే త్రిప్పును. అనగా అదే యెండలో అది మునుపటికంటె మూడు నాలుగు రెట్లు వేడిని మ్రింగును. ఒక కిలో మంచును సున్న డిగ్రీల యొద్ద నీరుగా మార్చుటకు 334 కిలోజౌళ్ల ఉష్ణము కావలెను; అంతే ఉష్ణముతో ఒక కిలో నీటిని సున్న నుండి దాదాపు 80 డిగ్రీల వరకు కాచవచ్చును. ఇంత ఖర్చు గల పని కనుక మంచు త్వరగా చెడదని కొందరు ధైర్యపడుదురు. ఆ ధైర్యమునకు ఆధారము లేదు. పైని కరగిన ఒక్క గ్రాము నీరు లోపలి చల్లని పొరలోనికి ఇంకి అచట మరల గడ్డకట్టునపుడు, తాను దాచుకొన్న గుప్తోష్ణమంతయు అచటనే వదలును. ఆ వేడి చుట్టునున్న దాదాపు 160 గ్రాముల మంచును ఒక డిగ్రీ వెచ్చబరచుటకు చాలును. కనుక శీతకాలమంతయు కూడబెట్టిన చల్లదనము కొన్ని దినముల ఎండకే ఆవిరియై, పైనుండి అడుగువరకు మంచంతయు సున్న డిగ్రీల సమోష్ణస్థితికి వచ్చి కూర్చుండును. ఆ మీద వచ్చు ప్రతి నీటిబొట్టును గడ్డకట్టించు చల్లదనము లోపల ఉండదు. అది దిగుచునే యుండును.

దిగిన నీరు చేయు పని చూడుడు. మంచుకణములు ఒకదానినొకటి తాకినచోట సన్నని మంచుమెడలు ఏర్పడి వాటిని కలిపి పట్టుకొనియుండును. మంచు బలమంతయు ఆ మెడలలోనిదే. నీరు తగిలినపుడు మొట్టమొదట కరగునవి అవియే. వానకాలపు చెమ్మకు బెల్లపుదిమ్మ పైకి చెక్కుచెదరనట్లే కనబడుచు లోపల పట్టు సడలి ఒరగుట మన ఇల్లాండ్రు ఎరుగుదురు. వాలుమీది మంచుకును అట్టి సడలుపాటే కలుగును. చిత్రమేమనగా కొద్దిపాటి తేమ మంచును బలపరచును, పిల్లలు చేసికొను మంచుబంతికి ఆ తేమయే ప్రాణము; కొద్దిపాటి హద్దు దాటగనే అదే తేమ దానిని కూలద్రోయును.

ఆ హద్దును కనిపెట్టుటకు పరికరమేదియు అక్కరలేదు. హిమశాస్త్రజ్ఞులే వాడు పద్ధతి యొకటి కలదు: చేతితొడుగుతో పిడికెడు మంచు తీసికొని పిండి చూచుట. పొడిమంచు ఎంత నొక్కినను బంతి కట్టక వ్రేళ్ల సందులనుండి జారిపోవును. చెమ్మగిల్లిన మంచు బంతి కట్టును. దానిలో నీరు పరిమాణమున నూటికి మూడు వంతుల లోపు. తరువాతి దశలో, పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దము పెట్టి చూచినచో కణముల నడుమ నీరు తళుక్కుమనును గాని, మెల్లగా పిండిన రాలదు. అది మూడు నుండి ఎనిమిది వంతులు. మెల్లని ఒత్తిడికే చుక్కలు కారినచో ఎనిమిది దాటినది. పదునైదు దాటినచో అది మంచు కాదు, నీటి ముద్ద. పైపొర పిడికిలిని పిండినపుడు తొడుగు తడిసిన వేళకు, నిట్టనిటారు వాలు మీద నిలిచియుండుట వివేకము కాదు.

ఇక రాత్రి సంగతి. మంచు పగటి వెలుతురును పుచ్చుకొనుటలో ఎంత లోభియో, కంటికి కనబడని పరారుణ కిరణముల రూపమున తన వేడిని ఆకాశమునకు ఇచ్చివేయుటలో అంతటి దాత. మబ్బులేని పొడిరాత్రి, గాలి ఉష్ణోగ్రత సున్నకు ఒకటి రెండు డిగ్రీలు పైననే యున్నను, మంచు ఉపరితలము తన వేడిని ధారపోసి సున్నకు దిగువకు పోయి గడ్డకట్టుట కలదు. దీనికి భిన్నముగా మబ్బు కమ్మిన రాత్రి, ఆ మబ్బు తానును పరారుణ కిరణములను వెదజల్లుచు మంచు ఇచ్చినదానిని మంచుకే తిరిగి యిచ్చును. గాలి సున్నకు కొంచెము దిగువనున్నను పైని పలుచని పెచ్చు మాత్రము కట్టి, దాని క్రింద నిన్నటి నీరంతయు నిన్నటివలెనే యుండును. అందుచేత థర్మామీటరు చూచి ధైర్యము తెచ్చుకొనువాడు మోసపోవును. ఆకాశమును చూచినవాడు నయము. రాత్రి పెచ్చు నాలుగు వ్రేళ్ల మందము కట్టినదా, అరవ్రేలు కట్టినదా అనుదానిని బట్టి మరునాడు ఎన్ని గంటలు ఆ వాలు నిలుచునో తెలియును. మందపు పెచ్చును కరగించుటకే ఎండకు ఉదయమంతయు సరిపోవును. పలుచనిది సూర్యోదయమైన గంటకే పోవును.

చక్కగా గడ్డకట్టిన రాత్రి తరువాత అట్టి వాలు మీద నడచుట ఎట్లుండునో చెప్పెదను. నాలుగు గంటల చీకటిలో మంచు రాతివలె కఠినము. బూటు అంచు దిగదు, ముళ్లతొడుగులు కట్టుకొననిచో కాలు జారును. వెలుగు వచ్చిన కొంత సేపటికి కరకరమను ధ్వని మారి మెత్తనగును, అడుగు అంగుళము దిగును. స్కీ క్రీడాకారులు కోరి వచ్చునది ఈ గడియకే. తరువాత అడుగు చీలమండ వరకు, ఆపైని పిక్క వరకు దిగును. ఆ వేళకు వాలుమీది రాళ్ల చుట్టు మంచు విడివడి, చిన్న చిన్న ముద్దలు తమంత తామే దొర్లుచు, దొర్లినకొలది మంచు చుట్టుకొని చక్రములవలె పెరుగుచు, వెనుక గీతలు వదలుచు పోవును. చూచుటకు ముద్దుగా నుండు ఈ చక్రములను ఫొటో తీయుటకు ఆగువారు పెక్కుమంది. అవి కనబడినపుడు చేయవలసిన పని ఆగుట కాదు, అచటినుండి తప్పుకొనుట.

వసంతపు సంపాతములన్నియు ఒక్క తీరువి కావు. అన్నిటిలో సామాన్యమైనది ఒక బిందువునుండి, ఎండకాగిన రాతి చెంతనో చెట్టు మొదటనో మొదలై, క్రిందికి పోవుకొలది వెడల్పగు విడిమంచు సంపాతము. మెల్లగా కదలును, కంటికి కనబడును, కాని బరువైనది, మనిషిని త్రోసికొనిపోయి లోయలోనో వాగులోనో పడవేయగలదు. అంతకంటె భయంకరమైనది తడిసిన పలక విరుగుట. లోనికి దిగు నీరు అన్ని చోట్ల ఒక్కరీతిగా దిగదు: సన్నకణముల పొర క్రింద పెద్దకణముల పొర యున్నచో, సన్నని రంధ్రముల కేశాకర్షణ నీటిని క్రిందికి విడువక పట్టుకొనును, మంచుగడ్డపెచ్చు ఉన్నచో దానిపైని నీరు నిలిచి పరచుకొనును. శీతకాలమున పుట్టిన ఆ రాలుడు స్ఫటికముల పొర, మూడు నెలలు మోసిన బరువును, నీరు సోకిన దినమున మోయలేదు. కావున ఏడాదిలో అత్యంత ప్రమాదకాలము మండువేసవి కాదు. చల్లగా నిలిచిన మంచు మొట్టమొదటిసారి అడుగువరకు తడియు ఆ కొద్ది దినములు, ముఖ్యముగా రెండు మూడు రాత్రులు వరుసగా గడ్డకట్టనివి. ఆ దశ దాటి, నీరు పోవుటకు నిలువుగా దారులు ఏర్పడి, పొరల భేదములు చెరగి, అంతయు ముతకకణముల మంచుగా మారి, రాత్రి గడ్డకట్టుచు పగలు కరగుచున్నంత కాలము అదే వాలు మునుపటికంటె నమ్మదగినదిగా నుండును. ఏప్రిల్‌లో మంచు తగ్గినది కనుక ప్రమాదమును తగ్గినదనుకొనుట ఎంత పొరపాటో, వసంతమంతయు ఒకే ప్రమాదమనుకొనుటయు అంత పొరపాటే.

మూడవది నేలనంటి జారు సంపాతము. హిమాలయపు పచ్చికబయళ్లలో ఎత్తుగా పెరిగిన గడ్డి, శీతకాలపు బరువుకు వాలు దిక్కుననే పడుకొని నున్నని పరుపగును. కరగిన నీరు ఆ గడ్డి మీదికి చేరినచో పైనున్న మంచు ఆసాంతము దినమునకు కొంచెము కొంచెముగా క్రిందికి జరుగును. ఆ జరుగుబాటునకు గుర్తుగా పైభాగమున నెలవంక ఆకారపు పగుళ్లు నోళ్లు తెరచి, లోన గోధుమరంగు నేల కనబడును. అట్టి పగులు గంటలో జారవచ్చును, మూడు వారములు అట్లే ఉండి కరగిపోవచ్చును. ఎప్పుడో చెప్పగల శాస్త్రము ఇంకను పుట్టలేదు. దాని క్రింద భోజనమునకు కూర్చుండరాదు, అంతే. వీటికి తోడు శిఖరపు అంచులయందు గాలి నిర్మించిన మంచు చూరులు వెచ్చదనమునకు వ్రేలాడి విరిగిపడి, క్రిందివాలునంతటిని కదలించును. చూరు మీద నిలుచువాడు తాను అంచునకు దూరముననే యున్నాననుకొనును; అది విరుగునది తరచు అతడు నిలిచిన చోటికి వెనుక.

ఏ వాలు ఎప్పుడు ప్రమాదకరము అనుదానికి సూర్యుడే గడియారము. తూర్పువాలు ఉదయమున, దక్షిణపువాలు మధ్యాహ్నమునకు, పడమటివాలు సాయంకాలమునకు సడలును, ఉత్తరపువాలు చివరిది. కొండ వాలు 30 నుండి 45 డిగ్రీల లోపల ఉన్నచోటనే పలక సంపాతములు హెచ్చు. ఈ సూత్రములు ఆల్ప్స్ పర్వతములలో పుట్టినవి. స్విట్జర్లండులో దావోస్ పైనున్న వైస్‌ఫ్లూయోఖ్ మీద 1936లో ఒక మంచుగుడిసెలో పరిశోధన మొదలై, 1942లో సంస్థగా రూపొందినది. యూరపు దేశములు 1993 నుండి ఒకే అయిదంచెల ప్రమాదమానమును వాడుచున్నవి. వసంతమున ఉదయమునకు ఒకటి, మధ్యాహ్నమునకు ఒకటిగా రెండు పటములు ప్రకటించు వాడుకయు అచట కలదు. ఐతే అచటి పాఠమును మనకు ఉన్నదున్నట్లు వర్తింపజేయుట తగదు. దావోస్ 47 డిగ్రీల అక్షాంశమునకు దగ్గర. అచట ఏప్రిల్ మధ్యలో మధ్యాహ్నపు సూర్యుడు దిగంతమునుండి సుమారు 53 డిగ్రీల ఎత్తున నుండును. మనాలి 32 డిగ్రీల యొద్దది; ఇచట అదే దినమున సూర్యుడు సుమారు 68 డిగ్రీలు లేచును. లెక్క వేసి చూచినచో, 35 డిగ్రీల ఉత్తరపువాలు మీద పడు మధ్యాహ్నపు ఎండ, దక్షిణపువాలు మీద పడు దానితో పోల్చినపుడు, దావోస్‌లో మూడవవంతునకు తక్కువ, మనాలిలో సగమునకు ఎక్కువ. విదేశీ కరదీపికలు చదివి, ఉత్తరపువాలు మే నెల వరకు చల్లగానే యుండునని నమ్మి నడచువాడు ఈ తేడాను మనస్సున నుంచుకొనవలెను.

సూర్యుడు లేనిచోటను నీరు రాగలదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు కాస్కేడ్ పర్వతములలో, వెల్లింగ్టన్ అను చిన్న రైలుస్టేషను వద్ద, 1910 ఫిబ్రవరి చివరి వారమున ఎడతెగని మంచుతుపానుచే రెండు రైళ్లు, ప్రయాణికులది యొకటి, తపాలాది యొకటి, కదలలేక నిలిచిపోయినవి. పైనున్న కొండవాలు మీది అడవి అంతకుముందే దావానలమున కాలిపోయి యుండెను. దినముల తరబడి మంచు కురిసి కురిసి, చివరకు వెచ్చని గాలి తిరిగి మంచు వానగా మారినది. ఉరుములు మెరుపులు వచ్చినవి. ఆ రాత్రి గడ్డకట్టు రాత్రి కాదు. మార్చి 1వ తేదీ రాత్రి రెండు గంటలకు ముందు వాలు మొత్తము కదలి రెండు రైళ్లను టై నది లోయలోనికి త్రోసివేసినది. 96 మంది మరణించిరి. అమెరికా చరిత్రలో ఇంతకు మించిన ప్రాణనష్టము కలిగించిన హిమసంపాతము లేదు. చీకటి పడినది కనుక ఇక భయము లేదనుట, గడ్డకట్టిన రాత్రికే చెల్లును.

తడిమంచు సంపాతము వేగమున పొడిమంచునకు సాటి రాదు. పొడిమంచు మేఘము గంటకు 200 కిలోమీటర్లు మించి పరుగెత్తగా, ఇది అందులో మూడవవంతో నాలుగవవంతో పోవును. ఈ మందగమనమును చూచి తేలికగా తలచువారు, అది ఆగిన తరువాతి సంగతి ఎరుగరు. ఆగిన మంచు ఘనమీటరుకు 500 కిలోలకు అటునిటుగా తూగును. ఒక మీటరు లోతున పూడిన మనిషి మొండెముపై పడు భారము వందల కిలోలు. కదలుచున్నంతసేపు ద్రవమువలె ప్రవహించినది, నిలువగానే వ్రేలు కదల్పనీయక బిగియును. స్విట్జర్లండు ప్రమాదముల లెక్కలనుండి 1990ల దశాబ్దమున తేల్చిన ప్రకారము, పూడినవారిలో 15 నిమిషముల లోపల వెలికితీసినవారు పదింట తొమ్మిదిమంది బ్రదికిరి. 35 నిమిషములకు అది పదింట మూడునకు పడిపోయినది. గాలి చొరని దట్టపు తడిమంచులో ఆ గడువు ఇంకను పొట్టిది. 2016 ఫిబ్రవరిలో సియాచిన్ హిమానీనదము మీద పదిమంది జవానులు పూడుకొనిపోగా, వారిలో కర్నూలు జిల్లావారొకరు, ఆరు దినముల తరువాత లాన్స్ నాయక్ హనుమంతప్ప సజీవుడై దొరికి, ఫిబ్రవరి 11న ఢిల్లీలో కన్నుమూయుట లోకమును ఆశ్చర్యపరచినది; అట్టి ఉదంతము మీద ఆశ పెట్టుకొని కొండకు పోరాదు. 457 కిలోహెర్ట్జుల మీద సంకేతమిచ్చు ట్రాన్స్‌సీవరు, గుచ్చి వెదకు పొడుగాటి కడ్డీ, పార, ఈ మూడును వెంట నున్న సహచరుడే పదునైదు నిమిషములలో ఎవరినైనను కాపాడగలడు, హెలికాప్టరు కాదు. మన ట్రెక్కింగు బృందముల సామానులో వంటపాత్రల కిచ్చిన చోటు ఈ మూడింటికి ఇచ్చుట అరుదు.

గడియారపు సూత్రమునకు ఒక హద్దు కలదని చెప్పక తప్పదు. అది మంచు విషయమున చెల్లును; వ్రేలాడు హిమానీఖండముల విషయమున కాదు. 2014 ఏప్రిల్ 18వ తేదీన ఎవరెస్టు దక్షిణమార్గమున, ఖుంబూ హిమపాతస్థలము పైని పడమటి భుజమునుండి మంచుగడ్డ విరిగి పడి 16 మంది నేపాలీ శ్రామికులు మరణించినది తెల్లవారిన కొద్దిసేపటికే, అనగా పర్వతారోహకులు క్షేమమని ఎంచుకొను వేళకే. హిమానీనదపు గడ్డ తన నడక తాను నడచును. నిన్నటి రాత్రితో దానికి పనిలేదు. ఆ విషాదముచే దక్షిణదిక్కున ఆరోహణములు దాదాపు ఆగిపోయిన ఆ వసంతముననే, తెలంగాణ బాలిక మాలావత్ పూర్ణయు సాధనపల్లి ఆనంద్ కుమారును టిబెట్టు వైపు ఉత్తరమార్గమున మే 25న శిఖరము చేరిరి.

మన దేశమున ఈ శాస్త్రమునకు పీఠము మనాలి. 1969లో రక్షణశాఖ ఆధ్వర్యమున హిమ, హిమసంపాత అధ్యయన సంస్థ ఏర్పడినది. నేడది చండీగఢ్ కేంద్రముగా గల రక్షణ భూసమాచార పరిశోధన సంస్థలో కలిసిపోయి, హిమాచల్, ఉత్తరాఖండ్, కాశ్మీర, లడఖ్ ప్రాంతములకు హెచ్చరికలు ప్రకటించుచున్నది. సంస్థ పుట్టిన పదేండ్లకే, 1979 మార్చిలో, లాహౌల్ లోయలో వరుసగా పడిన సంపాతములకు 200 మందికి పైగా బలియైరి. 2020 అక్టోబరులో తెరచిన 9 కిలోమీటర్ల అటల్ సొరంగము, 3,978 మీటర్ల ఎత్తున నున్న రోహ్‌తాంగ్ కనుమను తప్పించి లాహౌల్ ప్రయాణికుల భయమును చాలవరకు తీర్చినది. ఐనను సరిహద్దు రోడ్ల పనివారికి ఆ భాగ్యము లేదు: 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ పైని మాణా గ్రామము చెంత వారి శిబిరము మీద పడిన సంపాతమున 54 మంది చిక్కుకొని 8 మంది మరణించిరి, బ్రదికిన 46 మందిలో పెక్కురిని కాచినవి వారు పండుకొన్న ఇనుపపెట్టెల వంటి గదులు. అది తడిమంచు కాదు, క్రొత్తమంచు. కాని రుతువు మారు వేళ ఆ రెండింటికి నడుమ ఎడము ఎక్కువ దినములు కాదు.

హిమాచల్ ప్రదేశమున సంపాతములు తాకి గాయపడిన చెట్ల వార్షికవలయములను చదివి, దాదాపు నూటయేబది ఏండ్ల చరిత్రను తిరిగి వ్రాసిన ఒక పరిశోధన 2018లో ప్రచురితమైనది. ఇటీవలి దశాబ్దములలో సంపాతముల సంఖ్య పెరిగినదనియు, శీతకాలపు చివర, వసంతారంభమున పెరుగుచున్న వెచ్చదనమే అందులకు కారణమనియు అది తేల్చినది. భూమి వేడెక్కినచో మంచు తగ్గును గనుక ఈ బాధయు తగ్గునని భావించుట తర్కమునకు సరిపడినట్లే కనబడును. మంచు బొత్తిగా లేకపోవు ఎత్తులలో అది నిజము కావచ్చును. ఎత్తైన వాలులలో మాత్రము గడ్డకట్టని రాత్రులు ఫిబ్రవరిలోనే రాసాగును.

చెట్ల ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. సంపాతములు తరచుగా దిగు వాలున దేవదారులు నిలువవు. వాటి నడుమ పైనుండి క్రిందివరకు బోడిచార కనబడును. ఆ చారలో భూర్జవృక్షములు మాత్రము, మొదలు క్రిందికి వంగి, కొనలు పైకి లేచి, ఏటేట మంచు క్రింద పడుకొని లేచినవి, బ్రదుకును. ఒరిగిన భూర్జముల నడుమ చదునైన చోటు దొరికినదని డేరా వేయువారు, ఆ చెట్లు ఎందుకు ఒరిగినవో తమను తాము ప్రశ్నించుకొనవలెను.

మన హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడలనుండి మే నెలలో పార్వతీలోయకు పోయి, కసోల్ మీదుగా దాదాపు 4,200 మీటర్ల సార్ పాస్ దాటి వచ్చు యువతీయువకులు ఏటేట పెరుగుచున్నారు. అచట మంచుదారిని తెల్లవారకముందే పట్టించుట ఆచారము. చలిలో, చీకటిలో, నిద్ర చాలక లేచిన వారికి అది నాయకుని ఛాదస్తముగా తోచవచ్చును. లేపినపుడు లేవుడు, పిక్కవరకు కాలు దిగు వేళకు మంచువాలులు దాటిపోయి యుండవలెను, నిటారు వాలును ఒక్కొక్కరుగా, ఎడము విడిచి దాటుడు. రాత్రి మబ్బు పట్టి మంచు గడ్డకట్టక, ఉదయమున గైడు మడమతో తన్ని చూచి, నేడు వద్దు అన్నచో, కట్టిన సొమ్మును, తీసికొన్న సెలవును, తిరుగు రైలు టిక్కెట్టును లెక్కింపక ఆ దినము శిబిరముననే యుండుడు.